మగ్గం ఆగితే లేచే పిల్లాడు

మా అత్తమ్మ ఒకే ఒక్క మాట పట్టుకుని ఆ నెలంతా బతికింది. "గుర్తువట్టిండు." నల్లగొండ దవాఖానకు ఎవరొచ్చినా అదే మాట. వార్డు ఊడ్చే ఆమెకు చెప్పింది, పక్క గది వాళ్ల చుట్టాలకు చెప్పింది, చాయ్ బండి దగ్గర ముక్కూ మొహం తెలియని మనిషిని ఆపి చెప్పింది. నాకు మాత్రం చెప్పక్కర్లేదు, నేను పక్కనే ఉండి చూశాను. చూసి ఏడ్చాను కూడా. అందరూ సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నారు. సంతోషమూ లేదు, పాడూ లేదు. ఒళ్లు మండి ఏడ్చాను.

మూడేళ్లు కాపురం చేసిన పెళ్లాన్ని నేను. నా చెయ్యి తగిలినా ఉలకని పలకని మనిషి, వాళ్లమ్మ పిలవగానే గుర్తుపట్టాడంటే నాకు మండదా మరి?

మా ఆయన పేరు శ్రవణ్‌కుమార్. మాది నకిరేకల్ దగ్గర చిన్న ఊరు, నేతపని వాళ్లం. మామ లక్ష్మీనర్సయ్య ఇప్పటికీ మగ్గం మీదే బతుకుతున్నాడు. మా వాడలో ఒకప్పుడు ఇంటికో మగ్గం ఉండేదట, ఇప్పుడు ఆడేది మాది ఒక్కటే. మా ఆయన మాత్రం నేతపనిలోకి రాలేదు, మగ్గం మీద నాడె పట్టలేదు. నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్‌లో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. రోజూ బండి మీద పోయి వచ్చేవాడు. ఇంట్లో అడుగుపెడితే నిమ్మకాయల వాసన గుప్పుమనేది. సబ్బు పెట్టి రుద్దుకున్నా పోయేది కాదు.

మా ఆయన గురించి ఇంట్లో అందరూ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. పెళ్లయిన కొత్తలో నన్ను ఆటపట్టించడానికి ప్రతి ఆడమనిషీ అదే చెప్పింది. పసివాడుగా ఉన్నప్పుడు మగ్గం పక్కనే తొట్టెల కట్టి పడుకోబెట్టేవాళ్లట. మగ్గం ఆడుతున్నంత సేపు హాయిగా నిద్రపోయేవాడు. ఆగిందా, అదే క్షణం కళ్లు తెరిచి వాడకంతా వినపడేలా ఏడ్చేవాడు. పాపం మామ అన్నానికి లేవాలన్నా భయమేనట. అత్తమ్మ గిన్నె తెచ్చి, ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే ఆయన నేస్తూనే తినేవాడట. "నువ్వు గూడ రాత్రంత మగ్గం ఆడియ్యాలె, లేకుంటె నీ మొగడు నిద్రపోనియ్యడు" అని మా ఆడబిడ్డల వరస వాళ్లు నవ్వేవాళ్లు. మా ఆయన సిగ్గుపడి బయటికి పోయేవాడు.

పోయిన ఏడాది ఎండాకాలం అయిపోతుండగా, పొద్దుగూకే వేళ ఇంటికి వస్తూ, దీపం లేని ట్రాక్టర్ ట్రాలీకి వెనక నుంచి కొట్టుకున్నాడు. హెల్మెట్ ఉంది. బండి అద్దానికి తగిలించి ఉంది. తలకు పెట్టుకోవాల్సినది అద్దానికి పెట్టుకు తిరిగే మనిషిని ఏమనాలి? ఎన్నిసార్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానో. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. తిడదామంటే వినేవాడు లేడు.

హైదరాబాద్ తీసుకుపోయారు. తలలో గడ్డకట్టిన నెత్తురు తీశారు, గొంతుకు రంధ్రం చేసి ఊపిరి గొట్టం పెట్టారు, ముక్కులోంచి కడుపులోకి పాలగొట్టం వేశారు. ప్రాణం దక్కింది. తర్వాత ఇక అక్కడ చేసేదేమీ లేదని నల్లగొండకు పంపారు. కళ్లు తెరిచేవాడు. ఆ కళ్లు ఎటూ చూసేవి కావు. నేను ఎదురుగా నిలబడితే, నా వెనక గోడను చూస్తున్నట్టు ఉండేవి.

మగ్గం చప్పుడు వినిపించాలన్న ఆలోచన అత్తమ్మదే. ఊరికి పోయి మామను మగ్గం గుంటలో కూర్చోబెట్టి, ఆయన నేస్తుంటే ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చింది. ఆ రోజు కొడుకు పాదాలకు కొబ్బరినూనె రాసి గట్టిగా రుద్దింది. చెవి దగ్గర ఫోన్ పెట్టి, "ఇంటున్నవా కొడుకా, మీ బాపు మగ్గం ఆడుతాంది" అని పెద్దగా పిలిచింది.

అప్పుడు వచ్చింది మార్పు. ముందు మొహం ఎర్రబడింది. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పొడుచుకొచ్చి మెడలోకి కారింది. రొమ్ము ఎగిసిపడింది. పక్కనున్న మెషీన్‌లో గుండె లెక్క చూస్తుండగానే పైకి పాకింది. రెండు చేతులూ బిగుసుకుని మణికట్లు లోపలికి తిరిగాయి. కళ్ల కొసల్లోంచి నీళ్లు కారాయి. అత్తమ్మ ఆ చేతులను తన చెంపకు ఆనించుకుని, నా వైపు తిరిగి అంది ఆ మాట.

ఆ రోజు నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆమె నూనె రుద్దడం, పిలవడం, మగ్గం వినిపించడం. ఆయన చెమటలు కక్కడం, బిగుసుకుపోవడం, కన్నీళ్లు పెట్టడం. చూడ్డానికి చుట్టాలు వచ్చేవాళ్లు. చూసి దండం పెట్టుకునేవాళ్లు. మామ కూడా ఒకసారి వచ్చి, కొడుకు కన్నీళ్లు తువ్వాలతో తుడిచి, బయట మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు.

నేనేం తక్కువ తిన్నానని, నేనూ నిమ్మకాయ తెచ్చాను. అందరూ భోజనాలకు పోయినప్పుడు కోసి ముక్కు దగ్గర పెట్టాను. పేరు పెట్టి పిలవడం నాకు అలవాటు లేదు. పోట్లాడుకున్నప్పుడు తప్ప ఆయనతో గట్టిగా మాట్లాడిందీ లేదు. ఊరికే చేతి మీద చెయ్యి వేసి, కదపకుండా కూర్చున్నాను. ఏమీ కాలేదు. చెమట లేదు, కన్నీరు లేదు, మెషీన్‌లో అంకె కూడా కదల్లేదు. మెల్లగా ఊపిరి తీసుకుంటూ పడుకున్నాడు. అత్తమ్మ వచ్చి ఆ నిమ్మచెక్కను చూసి, "నీకు జర టైం వడ్తది బిడ్డా, ఫికర్ చెయ్యకు" అంది. మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

అటు మనిషి చిక్కిపోతున్నాడు. పాలగొట్టంలో పోసింది పోసినట్టు ఎక్కడికి పోతుందో తెలియదు, చెంపలు లోపలికి పోయాయి, పక్కటెముకలు తేలాయి. ఒళ్లు కాలిపోయేది, మళ్లీ కాసేపటికి దానంతట అదే చల్లబడేది. ఎక్కడో పుండు పట్టిందన్నారు, ఊపిరితిత్తుల్లో అన్నారు, సూదులు మార్చారు. నెత్తురు పరీక్షల్లో ఏమీ దొరకలేదు. ఫిట్స్ కావచ్చని ఆ మందూ ఇచ్చారు. పక్కబట్టలు పొద్దున మార్చినవి మధ్యాహ్నానికి తడిసి ముద్దయ్యేవి.

అప్పుడు వచ్చింది నిరోష డాక్టరమ్మ. చిన్న వయసే. తనది దేవరకొండ దిక్కని చెప్పింది, మాలాగే మాట్లాడింది. వచ్చీ రాగానే మందు మార్చలేదు. రెండు రోజులు వేళగాని వేళ వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసింది. తలలో కరెంటు ఎలా నడుస్తుందో చూసే పరీక్ష చేయించి, ఇవి ఫిట్స్ కావని చెప్పింది. మూడో రోజు సాయంత్రం అత్తమ్మను పిలిచి, రోజూ చేసేది తన ముందు చేయమంది.

అత్తమ్మకు ఎంత సంబరమో. ముఖం కడుక్కుని వచ్చింది. నూనె రుద్దింది, పిలిచింది, మగ్గం వినిపించింది. అంతా రోజూ లాగే జరిగింది. "సూశిన్రా మేడం" అంది మా అత్తమ్మ, పెళ్లిచూపుల్లో కొడుకును చూపించినంత గర్వంగా. డాక్టరమ్మ మెషీన్‌లో అంకె రాసుకుంది. చప్పుడు ఆపించి, నూనె తుడిపించి, సూదిమందు ఒకటి ఇప్పించి, ఆయన పూర్తిగా నెమ్మదించేదాకా అందరినీ మాట్లాడకుండా కూర్చోబెట్టింది. తర్వాత నర్సును పిలిచి, గొంతు గొట్టంలో పేరుకున్న గళ్ల, అదే కఫం, తీయమంది. అది రోజూ తీసేదే. ఆ సమయంలో మమ్మల్ని బయటికి పంపేవాళ్లు, అందుకే మేము ఎన్నడూ చూడలేదు.

నర్సు సన్న పైపు లోపలికి పోనిచ్చింది. గుర్రుమని చప్పుడైంది. మొహం ఎర్రబడింది. చెమట పొడుచుకొచ్చింది. అంకె పైకి పాకింది. చేతులు బిగుసుకుని మణికట్లు లోపలికి తిరిగాయి. కళ్ల కొసల్లోంచి నీళ్లు కారాయి.

వెంట్రుకవాసి తేడా లేదు. అవే కన్నీళ్లు.

 అత్తమ్మ ఆ పైపును చూసింది, కొడుకు మొహం చూసింది, మళ్లీ పైపును చూసింది. చివరికి చిన్నపిల్లలా అడిగింది.

"అంటె గా పైపును గూడ గుర్తువట్టిండా, మేడం?"

డాక్టరమ్మ కుర్చీ లాగి ఆమె ఎదురుగా కూర్చుంది. మనకు భయం వేసినా, ఎవరైనా కొట్టడానికి వచ్చినా గుండె ఉరుకుతుంది, చెమట పడుతుంది, కండరాలు బిగుస్తాయి, ఆ పని చేసే నరాలు ఒంట్లో వేరే ఉంటాయని చెప్పింది. వాటిని అదుపులో పెట్టేది మెదడే. దెబ్బకు ఆ అదుపు తెగిపోయింది. ఇప్పుడు నూనె రుద్దినా, పక్కకు తిప్పినా, చప్పుడైనా, మూత్రం నిండినా ఒళ్లంతా ప్రమాదం వచ్చినట్టే తిరగబడుతుంది. పుండు వల్ల వచ్చే జ్వరమైతే ఇలా ముట్టుకుంటే రావడం, వదిలేస్తే పోవడం ఉండదు. గుండె, ఊపిరి, చెమట, వేడి, బిగుసుడు అన్నీ కలిసి లేచి అన్నీ కలిసి దిగుతున్నాయి కాబట్టి, పరీక్షల్లో వేరే ఏమీ దొరకలేదు కాబట్టి, తను పోల్చుకున్నానంది. దానికి ఏదో పెద్ద పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు. తుఫాను అనుకోండి అంది. పడుకున్నచోటే మనిషి రోజంతా పరుగెత్తినట్టు అలిసిపోతున్నాడని, తిన్నదంతా అందులోనే కాలిపోతుందని, ఇలాగే వదిలేస్తే గుండె తట్టుకోదని చెప్పింది.

అత్తమ్మ అన్నీ విని, "మరి నా మాట ఇనవడ్తలేదా వానికి?" అంది.

"ఇనవడ్తదో లేదో నాకు తెల్వదమ్మా. తెలిసినట్టు అబద్ధం చెప్ప" అంది డాక్టరమ్మ. "కని గీ చెమట మాత్రం నీ పిలుపుకు జవాబు కాదు. గది బాధ."

నేను గెలిచినట్టు లెక్క. ఆమెను గుర్తుపట్టలేదు, నన్నూ గుర్తుపట్టలేదు, ఇద్దరం సమానం. నెల రోజులుగా కుళ్లిపోయిన నాకు అప్పుడు కడుపులో చల్లగా ఉండాలి కదా. లేచి బయటికి పోయి, చేతులు కడిగే నల్లా దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాను.  ఆమెనన్నా గుర్తుపట్టాడంటే లోపల మనిషి ఉన్నాడనే కదా. నా కుళ్లంతా ఆ ధైర్యం మీదే నిలబడి ఉందని నాకు అంతవరకూ తెలియదు. దేవుడా, ఆమెనే గుర్తుపట్టనీ, నన్ను జన్మలో గుర్తుపట్టకపోయినా సరే అని అక్కడ నిలబడి మొక్కుకున్నాను.

మందు మొదలుపెట్టారు. గుండె ఉరుకుడు తగ్గించే మాత్ర, నరాల బిగుసుడుకు ఇంకొకటి, పొడి చేసి నీళ్లలో కలిపి ముక్కు గొట్టంలో పోయాలి. పక్కకు తిప్పడం, తుడవడం, గళ్ల తీయడం ఒకదాని వెంట ఒకటి చేసేసి, తర్వాత మనిషిని అలా వదిలేయాలి. పెద్ద వెలుతురు వద్దు, చప్పుడు వద్దు. పాలలో పొడి పెంచారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి ఒక్కటే గట్టిగా చెప్పింది. మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు, ఉన్నట్టుండి ఆపితే తుఫాను ముందుకన్నా ఎక్కువగా తిరగబడుతుంది. నా తీరు చూసే ఉంటుంది, చెయ్యి కదపకుండా ఊరికే వేసి కూర్చోవడం మంచిదేనని కూడా అంది. అంటే ఏమీ రాకుండా చేసినదాన్ని నేనే అన్నమాట. అదొక మెప్పు నాకు.

మందు పనిచేసింది. తుఫానులు తగ్గాయి, వచ్చినా చిన్నగా వచ్చి పోయేవి. ఒళ్లు కాలడం ఆగింది. చెంపల్లోకి కొంచెం కండ వచ్చింది. నర్సులు సంబరపడ్డారు. అత్తమ్మ మాత్రం మంచం పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చెమట లేని మొహం, నీళ్లు లేని కళ్లు. "మంచిగ జేశిన్రు. ఉన్న ఒక్క తలుపు గూడ మూసిన్రు" అంది ఒకరోజు, నన్ను చూడకుండా.

ఇంటికి తెచ్చుకున్నాం. మా ఇంట్లో ఉన్నవి రెండే గదులు, ముందు గదిలో మగ్గం. ఆపమని మామకు ఎవరూ చెప్పలేదు. కొడుకును లోపలి గదిలో పడుకోబెట్టిన రోజే ఆయన ఆపేశాడు. పడుగు మీద చీర సగంలో ఉంది. అంచు ఆకుపచ్చ. ఆయనకు వేరే పని రాదు, వేరే చోటు తెలియదు. పొద్దున లేచి స్నానం చేసి, అలవాటు కొద్దీ వెళ్లి మగ్గం గుంటలో కాళ్లు దించుకుని కూర్చునేవాడు. దేన్నీ ముట్టేవాడు కాదు. అన్నం వేళకు లేచి వచ్చేవాడు. ఆ వాడలో చివరి మగ్గం చప్పుడు కూడా పోయింది.

ఒక మధ్యాహ్నం మందుల కోసం నకిరేకల్ పోయి తిరిగి వస్తున్నాను. వాకిట్లోకి రాగానే మగ్గం చప్పుడు వినిపించింది.  మామకు మతిపోయిందా అనుకున్నాను. చూస్తే మామ బయట అరుగు మీద నిద్రపోతున్నాడు. లోపలికి ఉరికాను.

అత్తమ్మ మంచం మీదే కూర్చుని, కొడుకు తలను ఒళ్లో పెట్టుకుని ఉంది. చెవి దగ్గర ఫోన్. ఆయన ఒళ్లంతా నీళ్లలో ముంచి తీసినట్టుంది. చేతులు కర్రల్లా బిగుసుకున్నాయి, ఊపిరి ఉరుకుతోంది, వేలికి పెట్టే చిన్న మెషీన్‌లో అంకె దవాఖానలో చూసినదాన్ని కూడా దాటింది. ఆమె మాత్రం ఏడుస్తూ నవ్వుతోంది. కొంగు ముడి విప్పి ఉంది. ఆ ముడిలో నేను పోయమని ఇచ్చిన నిన్నటి మాత్రలు, ఇవాళ్టి మాత్రలు, పోయకుండా దాచినవి.

ఫోన్ గుంజి గోడకేసి కొట్టాను. చప్పుడు ఆగింది. నా ఫోన్‌లో డాక్టరమ్మతో మాట్లాడి, ఆమె చెప్పినట్టు మాత్రలు పొడి చేసి పోశాను. పక్క ఎత్తు చేసి, కిటికీ మూసి, తడిబట్ట వేసి, ఫ్యాన్ పెట్టి అంకె చూస్తూ నిలబడ్డాను. మామ తలుపు దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయాడు. తుఫాను దిగడానికి చాలాసేపు పట్టింది. అంకె కాస్త దిగాక అత్తమ్మ మీదికి తిరిగాను. కడుపులో ఉన్నదంతా కక్కేద్దామనుకున్నాను. అయితే అరవకూడదు. ఆ గదిలో గొంతు లేపకూడదు. పళ్ల బిగువున అడిగాను.

"సంపుకుంటవా కొడుకును?"

ఆమె మూలకు ఒదిగి కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోగొంతుకతో అంది.

"నాకు ఎరుకే ఉషా. గది వాడు కాదని ఎరుకే. నేను అంత తెలివితక్కువదాన్ని కాదు. కని గట్లున్నప్పుడు, వాడున్నట్టే కొడ్తది. ఒక్కపారి సూసుకుందామనుకున్న. అంతె."

 ఏమని తిట్టను? చేతనైతే నేనూ చూసుకునేదాన్ని, ఆ కన్నీళ్లు నా వల్ల వస్తే.

ఆమెను చెయ్యి పట్టి లేపి మంచం దగ్గరికి తీసుకొచ్చాను. అరచేతి నూనె నా కొంగుతో తుడిచాను. రుద్దొద్దు, నిమరొద్దు, పిలవొద్దు, ఊరికే పెట్టి ఉంచమని చెప్పాను. ఆమె చేతిని తీసుకుని మా ఆయన చేతి మీద పెట్టి, పైన నా చెయ్యి వేశాను. కన్నతల్లికి బిడ్డను ముట్టుకోవడం నేర్పించాల్సిన గతి పట్టింది నాకు. ఆమె వేళ్లు నిమరడానికి లేస్తుంటే నేను అదిమి పట్టుకున్నాను. కాసేపటికి అవి కుదురుకున్నాయి.

"ఏమన్న అయ్యిందా?" అంది.

మెషీన్ చూశాను. "ఏం కాలే అత్తమ్మా" అన్నాను.

ఆ రోజుకు మా ఇంట్లో మంచి కబురు అదే. ఏం కాలేదు. ఆమె తల ఊపింది. మామ వెనక్కి తిరిగి ముందు గదిలోకి పోయాడు. ఆయన గుంటలో కూర్చున్నాడని తెలుస్తూనే ఉంది, చప్పుడు మాత్రం లేదు. వాడ మొత్తంలో చప్పుడు లేదు. మంచం మీద మా ఆయన ఊపిరి మెల్లగా నడుస్తోంది, కళ్లు మూతపడ్డాయి, నుదురు ఆరింది. నిద్రపోయే పసివాడి మొహమే అది.

 అత్తమ్మ ఆ మొహాన్నే చూస్తూ నా వైపు ఒరిగింది.

"మగ్గం ఆగి ఇన్ని దినాలాయె. అప్పట్ల ఆగుడు ఆగుడే లేస్తుండె. ఇంక లేవడేందే పిల్లా?"

ఆ మాట కూడా మా ఆయనకు వినపడకుండా, నా చెవిలో అడిగింది.